మంచం చుట్టూ నిలబడ్డ పదిహేనో విద్యార్థి

(వైద్య కళాశాల అధ్యాపకుల శిక్షణ కార్యక్రమంలో ఒక జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఓపీ చూసుకుని, రౌండ్లు ముగించుకుని వచ్చి కూర్చున్నారు. అందుకని ఉపోద్ఘాతం ఏమీ లేకుండా మిమ్మల్ని నేరుగా ఒక మంచం దగ్గరికి తీసుకెళ్తాను.

మెడికల్ వార్డులో కిటికీ పక్క మంచం. మంచం మీద ఒక పెద్దాయన. నెల రోజులుగా జ్వరం, కడుపులో ఎడమవైపు బరువు. కుడిపక్కన ప్రొఫెసర్ గారు. ఆయన చుట్టూ ఇరవై మంది పిల్లలు. కడుపులో ఎడమవైపు ఉండే స్ప్లీన్, అంటే ప్లీహం, ఎలా పట్టి చూడాలో ఆయన చూపిస్తున్నారు. మొదటి నలుగురికి ఆయన చేయి కనపడుతుంది. తర్వాతి నలుగురైదుగురికి మోచేయి కనపడుతుంది. వాళ్ల వెనక ఉన్నవాళ్లకి కనపడేది ముందు నిలబడ్డవాళ్ల తెల్లకోటు వీపు. నేను ఆ వీపులు చూస్తూనే చదువుకున్నదాన్ని. స్ప్లీన్ గురించి పుస్తకంలో ఉన్నదంతా నోటికి వచ్చు. పరీక్షలో చెప్పాను, పాసయ్యాను. నా వేళ్లకి మాత్రం స్ప్లీన్ ఎప్పుడూ తగల్లేదు.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి డ్యూటీలో పీజీ అక్క ఒకావిడ నా తిప్పలు చూసింది. నేను పేషెంటు కడుపులోకి వేళ్లు గుచ్చి గుచ్చి వెతుకుతున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. "నువ్వు వెతక్కమ్మా. చేయి అక్కడ పెట్టి ఊరుకో. తాతని ఊపిరి పీల్చమను. అదే వచ్చి నీ వేలికి తగులుతుంది" అంది. తాత ఊపిరి పీల్చాడు. నా చూపుడువేలి అంచుకి ఏదో మెత్తగా, గుండ్రంగా వచ్చి తగిలి వెళ్లిపోయింది. ఆ స్పర్శ నాకు ఇవాళ్టికీ గుర్తుంది. ఆవిడ చెప్పింది రెండే ముక్కలు. చేయి కదలకూడదు, ఊపిరితో పాటు స్ప్లీన్ కిందికి, కుడిపక్కకి జారి వస్తుంది. ఆ రెండు ముక్కలూ వెనక వరసలో నిలబడ్డ నాకు అన్నేళ్లలో కనపడలేదు, వినపడలేదు.

ఇవాళ్టి అంశం క్లినికల్ స్కిల్స్, అంటే పేషెంటు దగ్గర చేత్తో చేసే పరీక్షలూ పనులూ, నేర్పడానికి వీడియోలు. నేను ఆ పదిహేనో విద్యార్థి తరఫున మాట్లాడతాను. ఉస్మానియా, గాంధీ లాంటి కాలేజీల్లో ఏటా 250 మంది చేరుతున్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల, ఈ అయిదు చోట్లా కొత్త ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. తెలంగాణలోనూ జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. పిల్లలు పెరిగారు, మంచం మాత్రం అదే మంచం. దాని చుట్టూ పట్టేది నలుగురే.

వీడియో చేయగలిగిన పని ఇక్కడే ఉంది. అది ప్రతి విద్యార్థినీ మొదటి వరసలో నిలబెడుతుంది. కొన్ని సందర్భాల్లో మొదటి వరస కంటే దగ్గరికి కూడా తీసుకెళ్తుంది.

కాన్యులా వేయడం, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టడం తీసుకుందాం. చేతికి బిగించే పట్టీ, టోర్నికెట్, నాలుగైదు వేళ్ల వెడల్పు పైన కట్టడం, నరం ఎంచుకోవడం, సూది నోరు పైకి ఉండేలా పట్టుకోవడం, ఇవన్నీ దూరం నుంచి కనపడతాయి. పిల్లలు తప్పేది ఇక్కడ కాదు. సూది నరంలోకి దిగగానే దాని వెనక ఉన్న చిన్న గదిలో రక్తం కనపడుతుంది కదా, ఆ తర్వాత రెండు మూడు సెకన్లలో తప్పుతారు. రక్తం కనపడగానే ఆనందంతో సూది వెనక్కి లాగేస్తారు. అప్పటికి నరంలో ఉన్నది సూది మొన ఒక్కటే, ప్లాస్టిక్ గొట్టం ఇంకా బయటే ఉంది. గొట్టం తోస్తే చర్మం కింద మడత పడుతుంది, వాపు వస్తుంది. ఇంకొంతమంది రక్తం కనపడ్డాక కూడా అదే కోణంలో పొడుస్తారు, అవతలి గోడ చిల్లు పడుతుంది. చేయాల్సిందేమిటి? రక్తం కనపడగానే కోణం తగ్గించాలి, చర్మానికి దాదాపు ఆనించాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు మొత్తంగా ముందుకి జరపాలి. అప్పుడు సూదిని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని మాత్రం జార్చాలి. రెండు మిల్లీమీటర్ల వ్యవహారం ఇది. మంచం పక్కన నిలబడ్డ మొదటి విద్యార్థికి కూడా కనపడదు. ఫోన్ కెమెరాని జానెడు దూరంలో పెట్టి, వేగం తగ్గించి చూపిస్తే 250 మందికీ కనపడుతుంది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కనపడుతుంది.

బీపీ చూడటం కూడా అలాంటిదే. స్టెత్ గొట్టాలు ఒక్కరి చెవుల్లోనే ఉంటాయి. బీపీ చూసేటప్పుడు స్టెత్‌లో వినపడే శబ్దాల గురించి కొరొట్కాఫ్ అనే రష్యన్ డాక్టరు 1905లో చెప్పాడు. ఇన్నేళ్లూ గురువు విన్నది శిష్యుడు వింటున్నాడో లేదో తెలియకుండానే ఈ విద్య నడిచింది. ముందు నాడి పట్టుకుని చూడండి, నాడి ఆగినచోటు కంటే 30 పైకి గాలి ఎక్కించండి అని మనం చెప్తాం. ఎందుకో పిల్లలకి అర్థం కాదు, పరీక్ష కోసం చేస్తారు. ఒక పెద్దావిడ పై బీపీ 190 అనుకోండి. కొందరిలో శబ్దం 190 దగ్గర మొదలై, 170 దగ్గర మాయమై, మళ్లీ 150 దగ్గర వినపడుతుంది. నాడి చూడకుండా 160 దాకా మాత్రమే గాలి ఎక్కించిన కుర్రాడికి మొదటి శబ్దం 150 దగ్గర వినపడుతుంది. "నూట యాభై, పర్వాలేదమ్మా" అని పంపించేస్తాడు. వీడియోలో ముల్లు కిందికి దిగడం తెర మీద, ఆ శబ్దం స్పీకర్‌లో ఒకేసారి పెడితే, నడుమ వచ్చే ఆ నిశ్శబ్దం హాలంతా వింటుంది. నేను క్లాసులో అది వినిపించినప్పుడు, శబ్దం ఆగిన చోట పిల్లలు తల పైకెత్తి చూస్తారు. ఇంక వాళ్లకి నాడి ఎందుకు చూడాలో మళ్లీ చెప్పనక్కర్లేదు.

సరే, వీడియో తీయడం సంగతి. మీలో చాలామంది అడిగారు, ఏ కెమెరా కొనాలి అని. కెమెరా కొనకండి. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. సెలైన్ స్టాండుకి ప్లాస్టర్‌తో కట్టి మేం మొదటి వీడియోలు తీశాం. ఫ్యాను ఆపండి, లేకపోతే మాట వినపడదు. కాలరుకి పెట్టుకునే చిన్న మైకు ఒకటి కొనండి, డబ్బు పెట్టాల్సింది దాని మీద.

అసలు చూడాల్సింది కెమెరా ఎక్కడ ఉందన్నది. మనం అలవాటుగా ఎదురుగా పెడతాం, పెళ్లి వీడియో తీసినట్టు. ఎదురుగా పెడితే కుడిచేయి ఎడమవైపు కనపడుతుంది. విద్యార్థి చూసినప్పుడల్లా మనసులో తిరగేసుకోవాలి. చేసేవాళ్ల భుజం వెనకనుంచి, వాళ్ల కళ్లకి ఎలా కనపడుతుందో అలా తీయండి. ఆ తర్వాత తన చేయి తనకి ఎలా కనపడాలో విద్యార్థికి ముందే తెలిసిపోతుంది.

నిడివి తక్కువ ఉండాలి. 2014లో ఎడెక్స్ అనే సంస్థ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలు లెక్కగట్టి చూస్తే, ఆరు నిమిషాలు దాటిన వీడియోల్లో జనం ధ్యాస నిలవడం లేదని తేలింది. అవి వైద్యం కోర్సులు కావు, నిజమే. అయినా మన పిల్లలూ అందుకు అతీతులు కారు. ఒక వీడియోలో ఒక్క పని పెట్టండి. ఉదర పరీక్ష మొత్తం ఒకే వీడియోలో కుక్కవద్దు. లివర్‌కి ఒకటి, స్ప్లీన్‌కి ఒకటి.

ఇక్కడ మా దగ్గర జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఇది చెప్పడానికే నేను ఇవాళ వచ్చానని కూడా అనుకోవచ్చు. కొన్నేళ్ల కిందట మేం కాన్యులా వీడియో తీశాం. వెలుతురు బాగుంది, మాట స్పష్టంగా ఉంది, పిల్లలు ఇష్టంగా చూశారు. పరీక్షల్లో ఒక స్టేషన్ దగ్గర, అంటే కాన్యులా వేయించి చూసే బల్ల దగ్గర, నేను కూర్చున్నాను. మొదటి అమ్మాయి స్పిరిట్‌తో తుడిచింది, తర్వాత నరం మరోసారి వేలితో తడిమి చూసుకుని సూది పొడిచింది. శుభ్రం చేసిన చోట మళ్లీ వేలు పెట్టకూడదు కదా, మార్కు తీశాను. రెండో అబ్బాయి కూడా తడిమాడు. నాలుగో అబ్బాయి కూడా అదే చోట, అదే వేలితో, అదే ఒడుపుతో. నాకు అనుమానం వచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లి మా వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను. తుడిచాక తడిమింది నేనే. అర సెకను. అది తీసేటప్పుడు నలుగురం అధ్యాపకులం అక్కడే ఉన్నాం, ఎవరి కంటికీ ఆనలేదు. పిల్లల కంటికి ఆనింది. వాళ్లు మమ్మల్ని అంత శ్రద్ధగా చూశారు. ఆ తప్పు అప్పటికి రెండు బ్యాచ్‌లు దాటిపోయింది. వాళ్లలో కొందరు ఇవాళ ఏదో ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో, తుడిచిన చర్మాన్ని మళ్లీ తడిమి చూసుకుంటూనే ఉంటారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మంచం పక్కన మనం చేసే తప్పు ఆ రోజుతో పోతుంది. వీడియోలో చేసే తప్పు ఏళ్ల తరబడి పాఠం చెప్తుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. వీడియో విడుదల చేసే ముందు వార్డు సిస్టర్ ఒకరు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఒకరు చూడాలి. డాక్టర్లు చూడని తప్పులు వాళ్లు చూస్తారు. స్పిరిట్ ఆరకముందే పొడిచేశారు మేడం, ముప్ఫై సెకన్లయినా ఆగాలి అని మొన్న ఒక సిస్టర్ మొత్తం వీడియో మళ్లీ తీయించింది. ఆవిడకి నేను దణ్నం పెట్టాను.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తాను. వీడియో బాగున్నకొద్దీ ఒక ప్రమాదం పెరుగుతుంది. చూసినవాళ్లకి వచ్చేసిందనిపిస్తుంది. 2018లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. బల్ల మీద గిన్నెలు కదలకుండా కింది గుడ్డ లాగేయడం, డార్ట్‌లు విసరడం, మూన్‌వాక్ చేయడం, ఇలాంటి విద్యల వీడియోలు కొందరికి ఒకసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవాళ్లకి ధీమా బాగా పెరిగింది. చేయమంటే మాత్రం ఒకసారి చూసినవాళ్ల కంటే బాగా చేయలేదు. గారడీ కర్రలు ఎగరేసే వీడియో చూసినవాళ్ల చేతికి ఆ కర్రలు ఒక్కసారి ఇచ్చి పట్టుకోమన్నారు. విసరమనలేదు, పట్టుకోమన్నారంతే. ఆ బరువు చేతికి తెలియగానే పొంగిన ధీమా దిగివచ్చింది.

2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు మన పిల్లలు నెలల తరబడి ఇళ్లలో కూర్చుని వీడియోలే చూశారు. తిరిగి వచ్చాక నేను వాళ్లని పర్కషన్, అంటే ఛాతీ మీద వేలితో తట్టి చూసే పరీక్ష, చేయమన్నాను. మెట్లన్నీ తడుముకోకుండా చెప్పారు. ఎడమచేతి మధ్యవేలు ఛాతీకి గట్టిగా ఆనించాలి, మిగతా వేళ్లు లేపి ఉంచాలి, కుడిచేతి మధ్యవేలితో కొట్టాలి, మణికట్టు మాత్రమే ఆడాలి. చెప్పడంలో ఒక్క తప్పు లేదు. కొట్టమంటే మోచేయి దగ్గరనుంచి సుత్తి వేసినట్టు కొట్టారు. శబ్దమే రాలేదు.

పర్కషన్ గురించి ఒక్క మాట. 1761లో దీన్ని లోకానికి చెప్పినవాడు వియన్నాలో ఔఎన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకోవడం ఆ ఇంట్లో అలవాటని చెప్తారు. మనకి ఇది కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో మీటి చూసేది. ఖంగుమంటే తీసుకునేది, మొద్దుగా పలికితే పక్కన పెట్టేది. పక్కనే కూర్చున్న నా చేత కూడా మీటించేది. "చెవితో కాదే, వేలితో విను" అనేది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన పేషెంటు మీద మొదటిసారి పర్కషన్ చేసినప్పుడు నాకు ఆ మాట అర్థమైంది. అక్కడ శబ్దం బండరాయి మీద కొట్టినట్టు మొద్దుగా ఉంటుందని పుస్తకం చెప్తుంది. ఛాతీకి ఆనించిన ఎడమచేతి వేలికి ఆ అడ్డు తెలుస్తుంది, కింద ఏమీ అదరకపోవడం తెలుస్తుంది. ఆ వేలికి తెలిసేదాన్ని ఏ స్పీకరూ వినిపించలేదు. స్ప్లీన్ అంచు వచ్చి తగలడాన్నీ ఏ తెరా చూపించలేదు.

మరి వీడియో ఎందుకు పెట్టుకుంటున్నాం అంటే, మన టైము కోసం. ఒకే డెమోని పది గుంపులకి పదిసార్లు చేసి చూపించి అలిసిపోయి, పిల్లలు చేసే వేళకి మనం వెళ్లిపోతున్నాం. ఆ చూపించే పని వీడియోకి అప్పగిస్తే, మన కళ్లు పిల్లల చేతుల మీద పెట్టవచ్చు. మణికట్టు పట్టుకుని ఆపిన ఆ పీజీ అక్క పని మనం చేయవచ్చు. వీడియో పెట్టేసి స్టాఫ్ రూముకి వెళ్లిపోతే మాత్రం, ఆ వీడియో తీయకపోయినా నష్టం లేదు.

మేం చేసే పద్ధతి చెప్తాను. పెయిటన్ అనే ఆయన చెప్పిన నాలుగు మెట్ల పద్ధతిని మా వీలుకి సర్దుకున్నాం. ముందు మాట లేకుండా, మామూలు వేగంతో వీడియో. తర్వాత అదే వీడియో, ఆగి ఆగి, వివరణతో. ఈ రెండూ ముందురోజు హాస్టల్లో చూసి రావాలి. మూడో మెట్టు స్కిల్స్ ల్యాబ్‌లో. శబ్దం తీసేసి వీడియో పెడతాం, విద్యార్థి పక్కన నిలబడి తర్వాత ఏం చేయాలో ముందే చెప్పాలి. నాకు ఈ మూడో మెట్టంటే ప్రాణం. తడబడే చోట అంతా బయటపడుతుంది. నోటితో వరస తప్పినవాడు చేత్తో కూడా అక్కడే తప్పుతాడు, ఆ తప్పు పేషెంటు దాకా పోకుండా సాధన చేసే బొమ్మ, మానికిన్, దగ్గరే దొరుకుతుంది. నాలుగో మెట్టులో వాళ్లు చేస్తారు, మనం చూస్తాం. గుంపుకి నలుగురు, అయిదుగురికి మించవద్దు. వీలుంటే వాళ్లు చేస్తున్నది వాళ్ల ఫోన్లోనే తీయించండి. తన చేయి తను చూసుకున్న విద్యార్థికి మనం తిట్టాల్సిన అవసరం ఉండదు.

భాష సంగతి. నెట్‌లో మంచి ఇంగ్లీషు వీడియోలు బోలెడు ఉన్నాయి, మళ్లీ మనం ఎందుకు తీయడం అని అడుగుతారు. వాటిలో పేషెంటుతో మాట్లాడే మాటలు మన పేషెంటువి కావు. "తాతా, మోకాళ్లు రెండూ మడుచుకో, కడుపు బిగబట్టకు, వదులుగా పెట్టు. నోరు తెరిచి ఊపిరి గట్టిగా పీల్చు. నొప్పనిపిస్తే చెప్పు, ఆపేస్తాను" అన్నది కూడా స్కిల్లే. మన ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటావి. రాజస్థాన్ నుంచి, కేరళ నుంచి వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్లకి స్ప్లీన్ పట్టడం కంటే ఈ నాలుగు వాక్యాలు కష్టం. మా వీడియోల్లో పేషెంటుతో మాట తెలుగులోనే ఉంటుంది, కింద ఆ పలుకే ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తాం. ఉత్తరాంధ్రలో తీసినప్పుడు ఆ యాస, వరంగల్‌లో తీస్తే ఆ యాస ఉండనివ్వండి. "ఊపిరి తీస్కో" అన్నా, "గాలి పీల్చు" అన్నా డాక్టరుకి రెండూ తెలియాలి.

చివరగా, పేషెంటు గురించి. దీన్ని చివర చెప్తున్నానే గానీ ఇది చిన్న విషయం కాదు. జనరల్ వార్డులో ఉన్న పేదవాడు మనకి కాదని చెప్పలేడు. వీడియో తీసుకుంటాం అంటే "సరే అయ్యా, మీ ఇష్టం" అంటాడు. అతనికి మన వైద్యం కావాలి, అందుకే అంటాడు. ఆ "సరే"ని ఒప్పుకోలు అనుకోవద్దు. వైద్యం చేసే డాక్టరు కాకుండా వేరేవాళ్లు అడగాలి. ఇంట్లోవాళ్లు పక్కన ఉండగా, అతని భాషలో, ఎవరు చూస్తారో, ఎక్కడ ఉంచుతామో చెప్పి అడగాలి. ఒప్పుకోకపోయినా వైద్యంలో తేడా రాదని చెప్పాలి. తీశాక అతనికే చూపించాలి. వద్దంటే అతని ఎదుటే చెరిపేయాలి. రాతపూర్వకమైన సమ్మతి ఎలాగూ తీసుకుంటాం, కాగితం మీద వేలిముద్ర పడితే పని అయిపోయినట్టు కాదు. మామూలు పరీక్షలకి అసలు పేషెంటే అక్కర్లేదు. మన హౌస్ సర్జన్లు, మన సిబ్బంది పడుకోవచ్చు. నా బీపీ వీడియోలో చేయి నాదే. మరొక్కటి, ఈ వీడియోలు వాట్సాప్‌లో పెట్టవద్దు. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేం.

మధ్యాహ్నం రెండింటికి స్కిల్స్ ల్యాబ్‌లో కలుద్దాం. నలుగురు నలుగురుగా కూర్చుని ఒక్కో గుంపు ఒక్కో పని ఎంచుకోండి, మూడు నిమిషాల వీడియోకి సరిపోయేది. కెమెరా ముట్టుకునే ముందు, ఆ పనిలో పిల్లలు ఎక్కడ తప్పుతారో కాగితం మీద రాయండి. గుర్తు రాకపోతే వరండాలో హౌస్ సర్జన్లు ఉన్నారు, వాళ్లని అడగండి. ఇద్దరు సిస్టర్లని కూడా రమ్మన్నాను. మీరు తీసింది ముందు వాళ్లు చూస్తారు.